ఇప్పపూవు – ఒడ్డునున్న ఊరు

ఊరిని వర్ణింపబూనిన ప్రబంధకవి మొదట కోటను చూచును; పిదప మేడలను, ఏనుగులను, గుర్రములను చూచును; కడపట పుష్పలావికల యొద్దకు వచ్చును. పూవులమ్ము స్త్రీలతో విటులు చమత్కారముగ మాటలాడుట పురవర్ణనమున తప్పని సరకు. ఆ పూవు లే నేలను పూచినవి, ఏ నెలలో పూచినవి, తెల్లవారకముందే లేచి వాని నేరినవా రెవరు అను ప్రశ్నలు ఆ పద్యములలో పుట్టవు. పూవు అంగడికి వచ్చిన తరువాతనే కావ్యమునకు వచ్చినది. పల్లె సంగతి వేరు. పల్లెలో పూవునకు ముందు చెట్టున్నది, చెట్టునకు ముందు నేల యున్నది, ఆ నేలపై వంగి పని చేయు మనుష్యు డున్నాడు. పూలచెట్టు ఊరికి అలంకారము మాత్రమేనా, లేక ఊరి నడవడికే అది కారణమా అన్నది విమర్శకులు తేల్చవలసిన విషయము. ఆ విచారణకు ప్రాణహితా గోదావరుల యొడ్డున నున్న సిరోంచ సీమయు, దాని కెగువ వైనగంగ యొడ్డుననున్న ఆష్టియు మిక్కిలి తగిన స్థలములు.

ఈ విషయమును దక్షిణదేశమున ముందుగా శాస్త్రముగ గ్రహించినవారు సంగకాలపు తమిళులు. వారు నేలను ఐదు తిణైలుగ విభజించి, ఒక్కొక్క నేలకు ఒక్కొక్క పూచు మొక్క పేరే పెట్టిరి. కొండనేలకు కుఱింజి, అడవిపట్టునకు ముల్లై, పొలములకు మరుదము, ఎండిన బీటికి పాలై, సముద్రతీరమునకు నెయ్తల్. నెయ్తల్ అనగా నీటికలువ. సముద్రతీర గ్రామమునకు సముద్రము పేరు గాని, చేప పేరు గాని, పడవ పేరు గాని పెట్టక, ఉప్పునీటి మడుగుల చెంత పూచు కలువ పేరు పెట్టుటలో గొప్ప చూపున్నది. ఆ పద్యములలో పొన్నచెట్టు నీడను వలలారవేసికొను పరతవరులున్నారు. మొగలిపొదల చాటున ఎదురుచూచు కన్యలున్నారు. తొల్కాప్పియము ఆ నేలకు వరుణుని దైవముగ చెప్పినది. విరహమును ఆ నేలకు తగిన భావముగ లక్షణకారులు నిర్ణయించిరి. పడవ వెళ్లినవాడు వచ్చునో రాడో తెలియని ఊరిలో విరహమే నిత్యకృత్యము గదా! ఆ ఊరి మనస్సు ఆ పూవు పేరిట నిలిచినది.

మన తీరమున అట్టి శాస్త్రము పుట్టలేదు గాని, ఆ స్థితి లేకపోలేదు. పశ్చిమగోదావరి తీరమునందలి మొగల్తూరును పెద్దలు మొగలితుర్రు అందురు. ఆ పేరు మొగలిపొదవలన వచ్చినదని వాడుక. ఒడిశాలోని గంజాం తీరమున, గోపాలపురము, ఛత్రపురము ప్రాంతములలో, తెలుగు మాటలాడు జాలరులు నేటికిని కలరు. ఆ తీరమున మొగలి వట్టి పొద కాదు, జీవనాధారము. చెట్లలో మగచెట్టు పూతకే ఆ సువాసన. వానకాలమున అది విరివిగ పూచును. కోసిన పూవు వాసన త్వరలో పోవును గాన, ఆ పూటకాపూటనే బట్టీలకు చేర్చి అత్తరు దింపుదురు. కాబట్టి అచ్చట మనుష్యుల తెల్లవారు వేళలు, తొందరలు, బేరములు, గట్టు తగవులు అన్నియు పూవు చేతిలో నున్నవి. ఆ పొదయే ఇసుకను కదలనీయక గాలిని కాచి తోటకు కంచెగ నిలుచును. తరువాతి కాలమున ప్రభుత్వములు ఆ తీరములందు సరుగుడు నాటించినవి. 1977 నవంబరు 19వ నాటి దివిసీమ యుప్పెన పిదప ఆ పని మరింత ముమ్మరమైనది. సరుగుడు గాలి నాపుట నిజమే. దాని పూవు మాత్రము ఎవరి కంటను పడదు. మొగలి పోయి సరుగుడు వచ్చిన పల్లెలో గాలి యాగినను, పూవు పేరిట నడచిన పంచాంగము పోయినది. ఈ నష్టమును ఏ లెక్కల పుస్తకమును చూపదు.

ఇక ఆష్టి. చంద్రపురమునుండి గోండుపింప్రి మీదుగా ఆలాపల్లికి, సిరోంచకు పోవు బాటలో వైనగంగను దాటు చోట నున్నది; గడ్చిరోలి జిల్లాలోని చామోర్షీ తాలూకాకు చెందినది. దాని క్రింద చప్రాళా అడవి. 1986లో దానిని అభయారణ్యముగ ప్రకటించిరి. ఆ యడవి చెంత వార్ధా వైనగంగలు కలిసి ప్రాణహిత యగును. ప్రాణహిత సుమారు 113 కిలోమీటర్లు దక్షిణముగ నడచి, సిరోంచకు ఎదుట, కాళేశ్వరము దగ్గర గోదావరిలో కలియును. ఆష్టిలో మరాఠీ ముందు, తెలుగు వెనుక. నదివెంట దిగినకొలది తెలుగు ముందుకు వచ్చును. అహేరి దాటి సిరోంచ చేరునప్పటికి బజారులోను ఇంటిలోను తెలుగే. రెంటి నడుమ గోండీ, మాడియా పలుకులు. ఈ నేలకు ప్రభువులు మారినంతగ మరే నేలకును మారలేదేమో. 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చినది. సిరోంచ ముఖ్యస్థానముగ ఎగువ గోదావరి జిల్లా యను పేర కొన్నేండ్లుండి, 1874లో చాందా జిల్లాలో కలిసినది. 1956లో బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్రము, 1982లో గడ్చిరోలి జిల్లా. దస్తావేజులు మారినవి, భాషలు మారినవి. చైత్రమాసపు తెల్లవారుజామున ఇప్పచెట్టు క్రింద వంగు నడుము మారలేదు.

ఇప్పచెట్టు ఆకురాల్చి, మోడువలె నిలిచి, మార్చి ఏప్రిలు నెలలలో పూయును. పూవు కండగలిగి, పాలమీగడ వర్ణముగ నుండును. రాత్రి విచ్చును, గబ్బిలములు దాని తీపికి వచ్చి పుప్పొడిని చేర్చును, తెల్లవారునప్పటికి పూరేకుల గుత్తి గిన్నెవలె ఊడి నేల రాలును. పరాగసంపర్కము జరిగిన పిమ్మట రాలునది గనుక, పూవు నేరుకొన్నంత మాత్రమున కాయకు లోటు రాదు. ఎండలు ముదిరిన పిదప అదే చెట్టు ఇప్పగింజ నిచ్చును. దాని నూనె దీపమునకును కూరకును వచ్చును. ఎండిన పూవులో సగమునకు అటునిటుగ చక్కెరయే యుండును. గింజలతో కలిపి ఉడికింతురు, దంచి ఉండలు చేయుదురు, పశువులకు పెట్టుదురు, పులియబెట్టి సారా దింపుదురు. పంట పండని యేడు ఆకలి దాటించిన పూవు అది. మల్లె తలలోనికి, చేమంతి దేవునికి, ఇప్ప కడుపులోనికి.

ఆ పూవు కాలమున ఊరి నడవడియే మారును. ఇంట వృద్ధులును పసిపిల్లలును తప్ప తక్కినవారందరు గంపలతో అడవిలో నుందురు. ఎవరి చెట్టు వారిదే. అది అడవిలో నున్నను, పట్టా లేకున్నను, తాతలనాటినుండి వచ్చిన వంతు. ఒకరి చెట్టు క్రింద మరియొకరు ఏరినచో తగవు. కోయలలో ఇప్పపూల పండుగ జరుపుకొనుట గలదు. ఆ తీపికి ఎలుగుబంటియు వచ్చును; మసక వెలుతురులో మనుష్యుడును ఎలుగును ఒకే చెట్టు క్రింద తారసిల్లుట ఆ ఋతువునందలి గొప్ప భయము. అందువలన ఒంటరిగ పోరు, గుంపుగ పోవుదురు. గుంపుగ పోవుటవలన మాటలు, పాటలు, ప్రేమలు, పెండ్లి సంబంధములు అచ్చటనే పొడముచుండును. రాలిన ఆకులలో పూవు కనబడదు గనుక చెట్టు క్రింద ఆకులను తగులబెట్టి నేలను శుభ్రపరతురు. ఆ నిప్పు కొన్నిసార్లు చేయిదాటి అడవిని కాల్చుటయు కలదు. అటవీ శాఖకును పల్లెకును అది తీరని కలహము.

ఈ వివరములు వృక్షశాస్త్రమునకో, మానవశాస్త్రమునకో చెందినవి గదా, విమర్శకు వీనితో పనియేమి యని చదువరులు అడుగవచ్చును. హాలుని గాథాసప్తశతిని తెరచినచో పని కనబడును. శాతవాహన ప్రభువగు హాలుని పేర నిలిచిన ఆ ప్రాకృత సంకలనమున గోదావరి తీరపు పల్లెలు, కాపులు, కాపుకోడండ్రు, అత్తలు, వేటగాండ్రు నిండియున్నారు. రెండవ శతకపు ఆరంభమున ఇప్పచెట్టును గూర్చి రెండు గాథలు ప్రక్కప్రక్కన నున్నవి. మొదటిదానిలో, పూల బరువున కొమ్మలు నేలకు వంగిన గోదావరి యొడ్డునందలి ఇప్పచెట్టుకు ఒక స్త్రీ విన్నపము చేయును. మెల్లమెల్లగ రాల్పుమని దాని సారాంశము. రెండవదానిలో ఋతువు ముగియును. జారిణి యొకతె ఏడ్చుచు కడపటి పూవులను, చితినుండి బంధువు ఎముకల నేరినట్లు ఏరుచున్నది.

వ్యాఖ్యాతలు మొదటి గాథను సంకేతస్థలపు గాథగ చెప్పిరి. పూవు లున్నన్నాళ్లు ఆ పొదకు పోవుటకు ఆమెకు నెపమున్నది. పూవు లైపోయిన నెపమును పోవును. ఇది సరియే. కాని ఆ నెపము ఎందువలన నెపమైనదో వారు చెప్పలేదు. మల్లెలు కోయుటకు ప్రతిదినము తెల్లవారుజామున నదియొడ్డునకు పోవు స్త్రీని అత్త అనుమానించును. ఇప్పపూల కేగు స్త్రీని అత్తయే లేపి పంపును, ఆలస్యమైనచో తిట్టును. పూవు ఇంటిపని యైనందువలననే ప్రేమకు మరుగైనది. కవి ఎరిగినది ఆ యింటిపని. దాని నెరుగనివాడు ఆ గాథను రసికుని చాతుర్యముగ మాత్రమే చదువును.

రెండవ గాథ మరింత గొప్పది. పూవును ఎముకతో పోల్చుట అలంకారశాస్త్ర మర్యాదకు విరుద్ధముగ తోచును. అశుభము, జుగుప్సావహము అని వెంటనే దోషము చెప్పవచ్చును. ఇప్పచెట్టు క్రింది నేలను చూచినవాడు అట్లు చెప్పడు. ఆకులు కాల్చిన నేల నల్లగ బూడిదతో నుండును. దానిపై వెలవెలబోయిన తెల్లని పూవులు అక్కడక్కడ పడియుండును. వానిని వంగి ఒక్కొక్కటిగ వ్రేళ్లతో ఏరవలెను. అస్థిసంచయనము చేయువాని వంపు అదియే, ఆ వ్రేళ్ల పని అదియే, ఆ నేల రంగును అదియే. నేడు కనవచ్చు ఈ ఆచారము హాలునినాడును ఉండెననుటకు సాక్ష్యము ఈ గాథయే కావచ్చునని యూహింపదగును. అట్లైనచో ఉపమానము ఊహాలోకమునుండి వచ్చినది కాదు. చెట్టు క్రిందినుండి వచ్చినది. అచ్చట దుఃఖము కూడ అలంకారము కాదు. ప్రేమ ముగిసినదని ఆమెకు తెలిపినది ప్రియుడు కాడు, చెట్టు.

గాథలలోని గోదావరి సిరోంచ యెదుటి గోదావరియే యనుట సాహసము. హాలుని రాజధాని ప్రతిష్ఠానము చాల పైన నున్నది. కాని నది యొక్కటే, చెట్టు ఒక్కటే, పని ఒక్కటే. పైగా ఆ గాథలలో అత్త మొదలగు తెలుగు మాటలున్నవని మన పండితులు ఎన్నడో గుర్తించిరి. తిరుమల రామచంద్ర ఆ విషయముపై ప్రత్యేకముగ గ్రంథమే వ్రాసిరి. మాటలను ఏరినవారు చెట్లను కూడ ఏరియుండిన ఎంత బాగుండెడిది!

అదే శతకమున మరియొక గాథ కలదు. దానికి కలిగిన ప్రసిద్ధి సంస్కృతాలంకారశాస్త్రమున మరే ప్రాకృతగాథకును కలుగలేదు. గోదావరి యొడ్డునందలి పొదలో తిరుగు ధార్మికునితో ఒక స్త్రీ, ఇక నిశ్చింతగ తిరుగుము, నిన్ను బెదరించు కుక్కను ఆ పొదలోని సింహము చంపినది అనును. తిరుగుమని పైకి చెప్పి తిరుగవలదని తెలుపుట. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వని యనగా నేమో తెలుపుటకు ఈ గాథను మొదటి యుదాహరణముగ నెత్తుకొనెను. అభినవగుప్తుడు వ్యాఖ్యానించెను. మహిమభట్టు ఇది ధ్వని కాదు, అనుమానమే యని వాదించెను. మమ్మటుడు ఆ వాదమును ఖండించెను. రెండు మూడు శతాబ్దములపాటు మహాపండితులు ‘తిరుగుము’ అను మాట చుట్టును తిరిగిరి. అభినవగుప్తుడొక్కడు, ధార్మికుడు చిగుళ్లను పూవులను త్రెంచుటవలన ఆ చోటు కళతప్పుచున్నదను సంగతిని ఒక్క వాక్యమున సూచించెను. తక్కినవారికి పొద యొక తర్కవిషయము. వీరందరు కాశ్మీరదేశపు పండితులు. వితస్తాతీరమున కూర్చుండి గోదావరి పొదను విచారించిరి.

పొదయొడ్డునుండి చూచినచో ఆ గాథలో రెండు పూవులు, రెండు హక్కులు ఢీకొనుచున్నవి. ధార్మికుడు పూజకు పూవు త్రెంపువాడు. ఆమె ఊరి మనిషి. దేవుని పేర త్రెంపు పూవునకు ఊరిలో ఎవరును అడ్డు చెప్పజాలరు. కాబట్టి సింహమును అడ్డము తేవలసి వచ్చినది. ధ్వని పుట్టినది ఈ నిస్సహాయతనుండి. మాట నేరుగ చెప్పు స్వాతంత్ర్యమున్నచోట ధ్వనితో పనిలేదు. ఆలంకారికులు పూవును ఉద్దీపనవిభావముల పట్టికలో, చంద్రునితోను మలయమారుతముతోను జతచేసి కూర్చుండబెట్టిరి. పట్టిక చక్కగ నున్నది. పల్లె మాత్రము దానినుండి జారిపోయినది. హాలుని పల్లెలో పూవు ఉద్దీపనము కాదు. అది కారణము, సాక్షి, కాలనిర్ణేత. ఒక్కొక్కచోట అత్తకంటె పెద్ద అధికారి.

తెలుగున ఈ దృష్టి నిలుచుటకు ఒక అవకాశము వచ్చి చేజారినది. నూనూగు మీసాల యౌవనమున శాలివాహన సప్తశతిని తెలిగించితినని శ్రీనాథుడే చెప్పుకొనెను. ఆ గ్రంథము మనకు దక్కలేదు. దక్కియుండినచో మన ప్రబంధముల పుష్పాపచయ వర్ణనలు ఇంత బరువెక్కియుండెడివి కావేమో. ఆ వర్ణనలలో ఒకే వనమున, ఒకే దినమున, అశోకమును పొగడయు సంపెంగయు మొగలియు గురివిందయు పూచును. స్త్రీ తన్నినచో అశోకము, పుక్కిలించినచో పొగడ! ఆమెకు ఆ వనమున మరియొక పని లేదు. ఆముక్తమాల్యద యొక్కటి దీనికి చాలవరకు వెలియైనది. విష్ణుచిత్తుని యింట పూదండ కట్టుట నిత్యవృత్తి. గోదాదేవి కథ అంతయు ఆ దండ చుట్టు నడచును. ఋతువర్ణనలలో రాయలవారు రైతును, మట్టిని, వానకు తడిసిన కట్టెలను చూచిరి. అందుచే ఆ కావ్యమున పూవునకు బరువున్నది. ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు గాథలను తెలుగు చేయుటతో పాత బాకీలో కొంత తీరినది.

ఆధునికులలో పూవును గూర్చి అందరి నోట నున్న కృతి కరుణశ్రీ పుష్పవిలాపము. ఘంటసాల కంఠమున అది తెలుగు ఇంటింటికి చేరినది. పూజకై త్రెంపవచ్చిన చేతికి పూలు తమ గోడు చెప్పుకొనుట దాని విషయము. కరుణ నిజమైనదే, పద్యము మధురమైనదే. కాని అది తోటకు యజమాని యైనవాని కరుణ. ఇప్పచెట్టు గల ఊరిలో ఆ పద్యమునకు తావు లేదు. అచ్చట పూవును ఎవరును త్రెంపరు. చెట్టు తానై విడిచినదానినే మనుష్యుడు అందుకొనును. ఆలసించినచో జింక తినును, ఎలుగు తినును. త్రెంపుట యందలి పాపభీతి గాని, త్రెంపకుండుట యందలి పుణ్యగర్వము గాని ఆ ఊరికి అక్కరలేదు. దాశరథి రంగాచార్యుల మోదుగుపూలు నవల మరియొక త్రోవ త్రొక్కినది. అందు మోదుగు రాచరికపు అణచివేతపై రగిలిన ప్రజల ఎరుపునకు గుర్తు. గుర్తు శక్తిమంతము, ఆ కాలమునకు అవసరము. అయినను గుర్తుగ మారిన పూవు చెట్టును మరచును. మోదుగాకు విస్తరిగ కుట్టు ముసలమ్మ ఆ ఎరుపున కనబడకుండ పోవు ప్రమాదమున్నది.

తమిళుల తిణై విభాగము ఆష్టి, సిరోంచలకు సరిపడునా? నిండుగ సరిపడదు. తిణైకి ఒక నేల, ఒక పూవు, ఒక భావము. ఇచ్చట నది యున్నది, అడవి యున్నది, పొలమున్నది, వేసవిలో ఎండిన ఇసుక బీడు ఉన్నది. ఒకే ఊరు ఏడాదిలో నాలుగు తిణైలు మారును. మాఘ ఫాల్గుణములలో బూరుగు, మోదుగు, చైత్రమున ఇప్ప, ఎండలు మండునప్పుడు రేల, ఆశ్వయుజమున తంగేడు, గునుగు. ఒక్కొక్క పూవు వచ్చినప్పుడు ఊరు ఒక్కొక్క మనస్సు తెచ్చుకొనును. ఇప్పపూల నాటి ఊరు లేచు వేళ వేరు, మాట వేరు, అప్పు తీర్చు వాయిదాయు వేరు. (సిరోంచ చెంత వడధమువద్ద రాతిగ మారిన పురాతన వృక్షము లున్నవి. అవి జురాసిక్ యుగమునాటివి. పూచు మొక్కలు భూమిపై విస్తరింపకముందటివి. పూలు లేని ఆ యడవికి ఋతువు లెట్లు తెలిసెనో!)

ఆశ్వయుజమున సిరోంచ తెలుగు స్త్రీలు బతుకమ్మను పేర్తురు. గునుగు జొన్నచేలలో కలుపు. తంగేడు గట్లమీది పొద. రెండును ఎవరును నాటనివి, నీరు పోయనివి. ఆ కలుపును ఏరి, వరుసలు పేర్చి, గౌరమ్మనుంచి, ఒడ్డున ఆడి, నీట విడుతురు. నీటియొడ్డు లేక బతుకమ్మ లేదు. 2014లో తెలంగాణ రాష్ట్రము దానిని రాష్ట్రోత్సవముగ ప్రకటించినది. ప్రాణహితకు ఈవలి యొడ్డున ప్రకటనయు లేదు, సెలవును లేదు. తంగేడు మాత్రము రెండు ఒడ్డులను ఒకే వారమున పూచును. రాష్ట్రపు హద్దును పూవు గుర్తింపదని చెప్పుట తేలిక. దానికంటె గట్టి సత్యము మరియొకటి కలదు: ఈవలి యొడ్డున తెలుగు పాట నిలుచుటకు పుస్తకముకంటె ఆ రెండు పూవులే ఎక్కువ కారణము. పూవు వచ్చును గనుక పాట రావలసియున్నది. చేలలో జొన్న తగ్గి ప్రత్తి పెరిగి, కలుపుమందు వాడుక హెచ్చినకొలది గునుగు గట్లకు జరుగుచున్నది. గునుగు కొరకు దూరము పోవలసివచ్చిన నాడు బంతితో సరిపెట్టుకొందురు. బంతి అంగడిలో దొరకును. అప్పుడు మరల పుష్పలావికల వర్ణనమే మిగులును.

పూవుపై అధికారము ఎవరిదను కలహము కావ్యములలోనే కాదు, చట్టములలోను నడచినది. 1892లో బొంబాయి ప్రభుత్వము దొంగసారాయి నాపుటకు ఇప్పపూవుపైననే చట్టము చేసినది. అది ఠాణా, కొలాబా జిల్లాలకు వర్తించెను. ఆ రెండును సముద్రతీరపు జిల్లాలు! సముద్రపుటొడ్డు పల్లెలలో నేలపై రాలిన పూవును ఏరుట నేరమైనది. గడ్చిరోలి జిల్లాలో 1993లో ప్రజోద్యమ ఫలితముగ మద్యనిషేధము వచ్చినది. ఆ యుద్యమమున స్త్రీలే ముందు నిలిచిరి. ఇచ్చట విమర్శకుడు తొందరపడరాదు. పూవు నేరునదియు స్త్రీయే, త్రాగివచ్చిన మగని దెబ్బ తినునదియు స్త్రీయే. ఆమెకు పూవు కావలెను, సారా వలదు. ఆ భేదమును శాసనములు ఎరుగుటకు చాల కాలము పట్టినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవి ఫలసాయముపై గ్రామసభకు హక్కు నంగీకరించినది. 2009లో ఇదే జిల్లాలోని మేండా లేఖా గ్రామము సామూహిక హక్కు పొందినది. 2021లో మహారాష్ట్ర ప్రభుత్వము ఇప్పపూవు సేకరణ, నిల్వలపై నిర్బంధములను సడలించినది. హాలుని గాథలోని స్త్రీ చెట్టునకు పెట్టుకొన్న విన్నపమును ఆమె మనుమరాండ్రు ఇన్నేండ్లు కచేరీలకు పెట్టుకొనవలసివచ్చినది.

పేర్ల సంగతి యొకటి మిగిలియున్నది. తెలుగున ఇప్ప, కన్నడమున ఇప్పె, తమిళమున ఇలుప్పై. ఇవి యొక కుటుంబము. సంస్కృతమున మధూకము, ప్రాకృతమున మహువ, మరాఠీలో మోహ. ఇది మరియొక కుటుంబము. మోదుగునకు మరాఠీలో పళస, బూరుగునకు సావర, రేలకు బహావా. ఆష్టి సంతలో రెండు కుటుంబముల పేర్లును ఒకే గంప మీద పలుకుదురు. బడిలో పళస నేర్చిన బాలుడు ఇంట అవ్వ నోట మోదుగు వినును. రెండు పేర్లెరిగిన బాలునికి నష్టములేదు, లాభమే. అవ్వ పోయిన పిదప ఒక పేరే మిగులుట నష్టము. పేరుతోడనే ఆ పేరుకు తగిలియున్న సామెత, వైద్యము, తిట్టు, పాట జారిపోవును. కోటలను, శాసనములను వెదకి సిరోంచకు వచ్చు పరిశోధకులు చెట్టు పేర్లను కూడ వ్రాసికొనవలెను. వ్రాసికొనునప్పుడు చెట్టు చెంతకు పోయి వ్రాసికొనవలెను. ఆకు చూడక వ్రాసిన నిఘంటువులలో మధూకమునకు ఒకచోట ఇప్ప యనియు మరియొకచోట అతిమధురమనియు అర్థములున్నవి. మధుకము వేరు, మధూకము వేరు. ఒకటి వేరు, ఒకటి చెట్టు.

సిరోంచ యొడ్డును నేడు చూచువానికి హాలుని ఒడ్డు కనబడదు. గోదావరిపై మేడిగడ్డ బ్యారేజీ 2019 జూను 21న ప్రారంభమైనది; దాని యొక కొస తెలంగాణలోను, మరియొక కొస సిరోంచ తాలూకా పోచంపల్లి వైపునను ఉన్నది. 2022 ఏప్రిలులో ప్రాణహిత పుష్కరములకు యాత్రికులు రెండు ఒడ్డులను నిండిరి. ఆ జూలైలో గోదావరి మహావరద తీరపు పల్లెలను ముంచినది. 2023 అక్టోబరులో బ్యారేజీ స్తంభములు కొన్ని క్రుంగినవి. ఈ నాలుగేండ్లలో ఒడ్డు ఒకమారు పైకి జరిగినది, ఒకమారు క్రిందికి జరిగినది. ఒడ్డు చెట్టు ఒడ్డుతో జరుగజాలదు. ఇప్పగింజ నాటిన పిదప పూత చూచుటకు పదేండ్లకు పైగా పట్టును. కాబట్టి తన కొరకు ఇప్పను నాటువాడు అరుదు. పుష్కరములు ఏప్రిలులో వచ్చినందున స్నానఘట్టముల రద్దీ ఇప్పపూల కాలమునకు తగిలినది. ఘట్టమున నదికి విడిచిన పూలు బంతులు, గులాబీలు.